కంటెయినర్ పోయినా డేటా మిగలాలంటే: తరచుగా అడిగే ప్రశ్నలు

వారంలో అయిదు రోజులు మాదాపూర్‌లో డేటాబేస్‌ల బాగోగులు చూస్తాను. ఆదివారాలు అమీర్‌పేటలో, ఉద్యోగంలో కొత్తగా చేరినవారికి డాకర్, క్యూబర్నెటిస్ నేర్పుతాను. ప్రోగ్రామ్‌ను దానికి కావలసినవాటితో కలిపి విడిగా నడిపే పెట్టె కంటెయినర్. వాటిని ఒక యంత్రం మీద నడిపేది డాకర్, పలు యంత్రాల మీద నడిపించేది క్యూబర్నెటిస్. రెండు చోట్లా వినిపించే ప్రశ్నలు దాదాపు ఒకటే. చెప్పిన సమాధానాలను ఒకచోట రాసి పెడితే, అర్ధరాత్రి డేటా పోయి కంగారుపడుతున్నవారికి పనికొస్తాయని ఈ పేజీ మొదలుపెట్టాను. డేటా పోకముందే చదివితే ఇంకా మంచిది.

కంటెయినర్‌ను తీసేస్తే లోపలి డేటా ఎందుకు పోతుంది?

అమీర్‌పేట హాస్టల్‌లో మంచం అద్దెకు తీసుకున్న కుర్రవాడిని ఊహించుకోండి. ఆ మంచం మీద పడుకోవచ్చు, చదువుకోవచ్చు, పుస్తకాలు పరుచుకోవచ్చు. ఖాళీ చేసిన రోజున మాత్రం దులిపి, దుప్పటి మార్చి మరొకరికి ఇస్తారు. పదో తరగతి సర్టిఫికెట్లను దిండు కింద మరిచిపోతే అవి చెత్తతో పాటే పోతాయి. కంటెయినర్ కూడా అలాంటి మంచమే.

అసలు లోపల జరిగేది ఇది. కంటెయినర్‌కు మూస ఇమేజ్. ఇమేజ్ అంటే ఒకదాని మీద ఒకటి పేర్చిన ఫైళ్ల లేయర్లు. వాటిని చదవగలం కానీ మార్చలేం. కంటెయినర్ మొదలైనప్పుడు డాకర్ వాటి పైన రాయడానికి వీలున్న పలుచని లేయర్‌ను ఒకదాన్ని వేస్తుంది. ఏ ఫైలును మార్చినా దాని ప్రతి ముందు ఈ పై లేయర్‌లోకి వస్తుంది, మార్పు ఆ ప్రతిలోనే జరుగుతుంది. లినక్స్‌లో ఈ పనిని ఎక్కువగా ఓవర్లే ఫైల్ సిస్టమ్ చేస్తుంది. కంటెయినర్‌ను తొలగిస్తే ఆ పై లేయర్ కూడా పోతుంది.

ఇక్కడ చాలామంది పొరబడతారు. ఆపి మళ్లీ మొదలుపెడితే డేటా పోదు. యంత్రం రీస్టార్ట్ అయినా పోదు. తొలగిస్తేనే పోతుంది. అందుకే నెలల తరబడి అంతా బాగానే ఉన్నట్టు కనిపిస్తుంది. కొత్త వెర్షన్ వేసే రోజున పాత కంటెయినర్‌ను తీసి కొత్తది పెడతారు, ఆ రోజే డేటా మాయమవుతుంది.

అలాగైతే డేటాబేస్‌ను కంటెయినర్‌లో నడపడమే తప్పా?

కాదు. డేటాబేస్ ప్రోగ్రామ్ కంటెయినర్‌లో ఉండవచ్చు, డేటా మాత్రం బయట ఉండాలి. ఈ విభజన స్పష్టంగా ఉన్నంతకాలం పోస్ట్‌గ్రెస్ అయినా మైఎస్‌క్యూఎల్ అయినా కంటెయినర్‌లో చక్కగా నడుస్తుంది.

అయితే నా అభిప్రాయం ఒకటి చెబుతాను. మీ బృందంలో నలుగురే ఉండి, రాత్రి రెండు గంటలకు ఫోను ఎత్తేవారు ఎవరూ లేకపోతే, అసలైన డేటాబేస్‌ను క్లౌడ్ సంస్థ నిర్వహించే సేవకు అప్పగించండి. నెలకు కొంత ఎక్కువ ఖర్చవుతుంది. ఆ ఖర్చుతో మీరు కొనుక్కునేది నిద్ర. కంటెయినర్లలోని డేటాబేస్‌లను అభివృద్ధికీ పరీక్షలకూ వాడుకోండి.

వాల్యూమ్, బైండ్ మౌంట్: ఏది వాడాలి?

వాల్యూమ్‌ను డాకర్ తన సొంత ఫోల్డర్‌లో పెట్టి తానే చూసుకుంటుంది. మీరు ఒక పేరు ఇస్తే చాలు. బైండ్ మౌంట్‌లో యంత్రం మీద ఉన్న ఫలానా ఫోల్డర్‌ను మీరే చూపించి కంటెయినర్‌కు తగిలిస్తారు. డేటాబేస్‌లకు పేరున్న వాల్యూమ్ వాడండి. రాస్తున్న కోడ్‌కూ, కాన్ఫిగరేషన్ ఫైళ్లకూ బైండ్ మౌంట్ సుఖం.

రెంటికీ ఒక సూక్ష్మమైన తేడా ఉంది. ఖాళీ వాల్యూమ్‌ను తగిలిస్తే, ఇమేజ్‌లో ఆ చోట ఉన్న ఫైళ్లను డాకర్ అందులోకి కాపీ చేస్తుంది. ఖాళీ ఫోల్డర్‌ను బైండ్ మౌంట్ చేస్తే కాపీ జరగదు, ఆ ఖాళీ ఫోల్డర్ ఇమేజ్‌లోని ఫైళ్లను కప్పేస్తుంది. ‘ఇమేజ్‌లో ఫైళ్లున్నాయి, నడిపితే కనిపించడం లేదు’ అని ఎవరైనా అంటే నేను మొదట చూసేది ఇదే.

మూడోది టీఎంపీఎఫ్‌ఎస్. అది మెమరీలోనే ఉంటుంది. కంటెయినర్ ఆగితే చాలు, పోతుంది. డిస్కు మీద ఆనవాలు మిగలకూడని వాటికి మాత్రమే వాడండి.

వాల్యూమ్ పెట్టాను. అయినా డేటా పోయింది. ఎలా?

నాకు వచ్చే ఫోన్లలో ఎక్కువ ఈ ప్రశ్న గురించే. కారణాలు సాధారణంగా మూడు.

మొదటిది, తప్పు చోట తగిలించడం. పోస్ట్‌గ్రెస్ అధికారిక ఇమేజ్ 17వ వెర్షన్ వరకు డేటాను ‘పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్’ ఫోల్డర్ లోపలి ‘డేటా’ ఫోల్డర్‌లో పెడుతుంది. మీరు ఒక మెట్టు పైనే వాల్యూమ్ తగిలించి ఆగిపోతే, లోపలి ‘డేటా’ ఫోల్డర్‌కు డాకర్ పేరులేని మరో వాల్యూమ్‌ను తనంతట తానే తయారుచేస్తుంది. డేటా మొత్తం అందులోకి వెళ్తుంది. మీరు పేరు పెట్టిన వాల్యూమ్ ఖాళీగా ఉండిపోతుంది. 18వ వెర్షన్ నుంచి ఈ పద్ధతి మారింది, పై ఫోల్డర్‌కే తగిలించాలి. ఇంటర్నెట్‌లో దొరికిన పాత కంపోజ్ ఫైలును (కంటెయినర్లు, వాల్యూమ్‌లు ఎలా ఉండాలో రాసే ఫైలును) అలాగే దించుకుంటే ఇక్కడే దెబ్బతింటారు. తగిలించాక ఆ వాల్యూమ్‌లో నిజంగా ఫైళ్లు పడుతున్నాయో లేదో ఒకసారి కంటితో చూడండి.

రెండోది, ప్రూన్ ఆదేశం. ఏ కంటెయినరూ వాడని వాల్యూమ్‌లను అది ఊడ్చేస్తుంది. డాకర్ 23వ వెర్షన్ నుంచి మామూలుగా పేరులేని వాటినే తీస్తుంది, పేరున్న వాటిని తీయాలంటే ‘ఆల్’ అని ప్రత్యేకంగా అడగాలి. పాత వెర్షన్లు అంత దయ చూపవు. పైన చెప్పినట్టు డేటా పేరులేని వాల్యూమ్‌లో చేరి ఉంటే కొత్త వెర్షన్ కూడా కాపాడదు.

మూడోది నా చేతి మీదుగానే జరిగింది. ‘డాకర్ కంపోజ్ డౌన్’ అంటే కంటెయినర్లు, నెట్‌వర్క్‌లు పోతాయి, పేరున్న వాల్యూమ్‌లు మిగులుతాయి. దాని చివర ‘వి’ గుర్తు చేరిస్తే ఆ ఫైలులో రాసిన వాల్యూమ్‌లు కూడా పోతాయి. కొన్నేళ్ల క్రితం నగరంలోని ఒక మందుల దుకాణాల సంస్థకు సరుకు లెక్కల సాఫ్ట్‌వేర్ చూసేవాణ్ని. ఒక శుక్రవారం సాయంత్రం పరీక్షా యంత్రం, అసలు యంత్రం పక్కపక్క విండోలలో తెరిచి ఉన్నాయి. ‘వి’ గుర్తుతో ఉన్న ఆదేశం అసలు దానిలో పడింది. ప్రశ్న అడగలేదు, హెచ్చరిక రాలేదు, రెండు సెకన్లలో పని ముగిసింది. బ్యాకప్ ఉందిలే అనుకున్నాను. చూస్తే చివరిది 11 రోజుల క్రితానిది. పాస్‌వర్డ్ మార్చిన రోజు నుంచి బ్యాకప్ స్క్రిప్టు రోజూ విఫలమవుతోంది, ఎవరమూ చూడలేదు. దుకాణం సిబ్బంది కాగితపు బిల్లులు ముందు పెట్టుకుని మూడు రాత్రులు మళ్లీ నమోదు చేశారు. వాళ్లతో పాటు కూర్చున్నాను. బిల్లుల మీద మందుల పేర్లు చదివి వినిపించిన ఆ అమ్మాయి గొంతు రెండో రాత్రికి బొంగురుపోయింది.

అప్పటి నుంచి అసలు డేటా ఉన్న ప్రతి వాల్యూమ్‌ను విడిగా సృష్టించి, కంపోజ్ ఫైలులో ‘ఎక్స్‌టర్నల్’ అని ప్రకటిస్తున్నాను. అలా ప్రకటించిన దాన్ని కంపోజ్ తొలగించదు, ‘వి’ గుర్తు పెట్టినా సరే. ఒక్క పంక్తి పని. ఈ పేజీలో ఇంకేమీ చేయకపోయినా ఇదొక్కటి ఈ రోజే చేయండి.

ఫైలులో డేటాబేస్ పాస్‌వర్డ్ మార్చాను. పాతదే పనిచేస్తోంది. ఎందుకు?

పోస్ట్‌గ్రెస్ ఇమేజ్ ఆ పాస్‌వర్డ్‌ను డేటా ఫోల్డర్ ఖాళీగా ఉన్నప్పుడు మాత్రమే, అంటే మొట్టమొదటిసారే చదువుతుంది. తర్వాత ఎన్నిసార్లు మార్చినా పట్టించుకోదు. డేటాబేస్‌లోకి వెళ్లి ఎస్‌క్యూఎల్ ఆదేశంతో మార్చాలి. ‘వాల్యూమ్ తీసేసి మళ్లీ మొదలుపెట్టండి, సరిపోతుంది’ అనే సలహా తరచుగా కనిపిస్తుంది. నిజమే, పాస్‌వర్డ్ మారుతుంది, దానితో పాటు డేటా కూడా పోతుంది.

‘అనుమతి లేదు’ అనే లోపం వస్తోంది.

లినక్స్ ఫైలు యజమానిని పేరుతో కాక అంకెతో గుర్తుపెట్టుకుంటుంది. డెబియన్, ఆల్పైన్ అనేవి లినక్స్‌లో రెండు రకాలు. డెబియన్ ఆధారిత పోస్ట్‌గ్రెస్ ఇమేజ్‌లో పోస్ట్‌గ్రెస్ వాడుకరి అంకె 999, ఆల్పైన్ ఇమేజ్‌లో 70. ఒకదాని నుంచి మరొకదానికి మారితే ఫైళ్ల యజమాని పరాయివాడు అవుతాడు. ఫోల్డర్ యజమానిని సరైన అంకెకు మార్చండి. క్యూబర్నెటిస్‌లో అయితే పాడ్ (కలిసి నడిచే కంటెయినర్ల గుంపు) భద్రతా అమరికలో, ఫైళ్లు ఏ గ్రూపువో చెప్పే ‘ఎఫ్ఎస్ గ్రూప్’ అంకె ఇవ్వండి. అందరికీ అన్ని అనుమతులూ ఇచ్చే 777 జోలికి వెళ్లకండి. పోస్ట్‌గ్రెస్ దాన్ని ఒప్పుకోదు కూడా, డేటా ఫోల్డర్ అనుమతులు వదులుగా ఉంటే మొదలవ్వడానికే నిరాకరిస్తుంది.

పాత వాల్యూమ్‌ను కొత్త వెర్షన్ పోస్ట్‌గ్రెస్‌కు తగిలించవచ్చా?

15.3 నుంచి 15.6కు అయితే సరే. 15 నుంచి 16కు కుదరదు, పెద్ద వెర్షన్ మారితే డిస్కు మీది అమరిక మారుతుంది. పాతదాని నుంచి డంప్ (డేటా మొత్తాన్ని రాసిన ఎగుమతి ఫైలు) తీసి కొత్తదానిలో ఎక్కించాలి, లేదా అప్‌గ్రేడ్ సాధనం వాడాలి. కంపోజ్ ఫైలులో ఇమేజ్ పేరు పక్కన ‘లేటెస్ట్’ అని రాయకండి. ఒక ఉదయం అది మీకు చెప్పకుండానే పెద్ద వెర్షన్‌కు మారుతుంది, డేటాబేస్ మొదలవ్వదు. అంకె రాయండి.

వాల్యూమ్ చిన్నదే, డిస్కు మాత్రం నిండిపోయింది. ఏం తిన్నది?

చాలాసార్లు లాగ్‌లు. డాకర్ మామూలు లాగ్ పద్ధతిలో ఫైలుకు పరిమితి లేదు, పెరుగుతూనే ఉంటుంది. గరిష్ఠ పరిమాణం, ఫైళ్ల సంఖ్య మీరే నిర్ణయించాలి. లాగ్‌లు కాకపోతే పాత ఇమేజ్‌లు, బిల్డ్ క్యాష్ చూడండి. డాకర్‌లో ‘సిస్టమ్ డీఎఫ్’ ఆదేశం దేనికెంత పట్టిందో చెబుతుంది, లాగ్‌లను మాత్రం ఆ లెక్కలో చూపదు.

క్యూబర్నెటిస్‌లో ఒక డిస్కుకు ఇన్ని పేర్లెందుకు? పర్సిస్టెంట్ వాల్యూమ్, క్లెయిమ్, స్టోరేజ్ క్లాస్?

కొత్త ఇంటికి నల్లా కనెక్షన్ తీసుకోవడం గుర్తు చేసుకోండి. మీరు దరఖాస్తు పెడతారు: ఇంత పైపు కావాలి, ఈ తరగతి కావాలి అని. నీళ్లు ఏ రిజర్వాయరు నుంచి వస్తాయో, ఏ వీధిలో తవ్వుతారో మీకు అనవసరం. క్లెయిమ్ అంటే ఆ దరఖాస్తు. స్టోరేజ్ క్లాస్ అంటే తరగతి: వేగమైన డిస్కా, చవకదా, ఎవరు తయారుచేయాలి అన్నది. పర్సిస్టెంట్ వాల్యూమ్ అంటే చివరకు మీ గుమ్మం ముందుకు వచ్చిన పైపు.

ఈ విభజన వల్లే అప్లికేషన్ రాసేవారు తమ ఫైలులో ఏ క్లౌడ్ పేరూ రాయనవసరం లేదు. డిస్కును నిజంగా తయారుచేసి తగిలించే పని సీఎస్ఐ అనే ఉమ్మడి ప్రమాణాన్ని పాటించే డ్రైవర్లది. వీటికి ముందు చాలా స్టోరేజ్ కంపెనీల కోడ్ క్యూబర్నెటిస్ లోపలే ఉండేది. 1.13 వెర్షన్‌లో సీఎస్ఐ స్థిరపడ్డాక అది క్రమంగా బయటికి వచ్చింది.

‘ఎంప్టీడిర్’ అనే తాత్కాలిక ఫోల్డర్‌ను మాత్రం వీటితో కలపకండి. లోపలి కంటెయినర్ కూలి లేస్తే అది మిగులుతుంది, పాడ్ పోతే పోతుంది.

అమెజాన్ క్లౌడ్ ఏడబ్ల్యూఎస్ హైదరాబాద్ రీజియన్‌లో మా పాడ్ ‘పెండింగ్’లోనే ఉండిపోయింది. నోడ్‌లలో (పాడ్‌లు నడిచే యంత్రాల్లో) చోటుంది కదా?

2022 నవంబరులో మొదలైన హైదరాబాద్ రీజియన్‌లో మూడు అవైలబిలిటీ జోన్లు (వేర్వేరు డేటా సెంటర్ల గుంపులు) ఉన్నాయి. ఏడబ్ల్యూఎస్ అద్దెకిచ్చే ఈబీఎస్ డిస్కు ఏ జోన్‌లో పుట్టిందో ఆ జోన్‌కే చెందుతుంది. డిస్కు ఒక జోన్‌లో ఉండి, ఖాళీ నోడ్ మరో జోన్‌లో ఉంటే పాడ్‌కు దారి లేదు. ఈవెంట్లలో ‘వాల్యూమ్ నోడ్ ఎఫినిటీ’ గొడవ అని కనిపిస్తుంది.

రెండు పనులు చేయండి. స్టోరేజ్ క్లాస్‌లో బైండింగ్ పద్ధతిని ‘వెయిట్ ఫర్ ఫస్ట్ కన్స్యూమర్’ చేయండి. అప్పుడు పాడ్ ఎక్కడ నడవాలో తేలాకే డిస్కు పుడుతుంది. ఇది కొత్త డిస్కులకు మందు. పాత డిస్కు కోసం ఆ జోన్‌లో ఎప్పుడూ కనీసం ఒక నోడ్‌కు చోటు ఉండేలా నోడ్ గ్రూపులను జోన్‌వారీగా విడదీయండి. రాత్రిపూట ఖర్చు తగ్గించాలని నోడ్‌లను కుదించే బృందాలకు ఈ చిక్కు పొద్దున్నే ఎదురవుతుంది.

క్లెయిమ్‌లో ‘రీడ్ రైట్ వన్స్’ అని రాస్తే డిస్కును ఒక్క పాడే వాడగలదు కదా?

కాదు, ఒక్క నోడ్. అదే నోడ్ మీద ఉన్న రెండు పాడ్‌లు ఒకే డిస్కులో రాయగలవు, డేటాబేస్ ఫైళ్లకు అది ప్రమాదం. నిజంగా ఒక్క పాడ్‌కే పరిమితం చేయాలంటే క్యూబర్నెటిస్ 1.29లో స్థిరపడిన ‘రీడ్ రైట్ వన్స్ పాడ్’ వాడండి.

పాడ్‌లను నడిపే పద్ధతుల్లో డేటాబేస్‌ను డిప్లాయ్‌మెంట్‌గా కాక స్టేట్‌ఫుల్‌సెట్‌గా నడపమనడానికి కారణం కూడా ఇదే. స్టేట్‌ఫుల్‌సెట్‌లో ప్రతి పాడ్‌కూ మారని పేరు, తన సొంత క్లెయిమ్ ఉంటాయి. అయితే స్టేట్‌ఫుల్‌సెట్ మీ డేటాను ఒక పాడ్ నుంచి మరో పాడ్‌కు కాపీ చేయదు. ప్రతులను మూడుకు పెంచితే ఒకదానితో మరొకదానికి సంబంధం లేని మూడు డేటాబేస్‌లు ఉంటాయి, కొత్తగా వచ్చినవి ఖాళీగా, అంతే. ప్రతుల మధ్య డేటాను కాపీ చేసే రెప్లికేషన్ డేటాబేస్ పని. దాన్ని అమర్చడం మీ పని, లేదా ఆ పని చేసే ఆపరేటర్ అనే ప్రోగ్రామ్ పని.

క్లెయిమ్‌ను పొరపాటున తొలగిస్తే?

అప్పటికప్పుడు తయారైన వాల్యూమ్‌లకు మామూలు నియమం ‘డిలీట్’: క్లెయిమ్ పోతే వెనక ఉన్న డిస్కు కూడా పోతుంది. అసలు డేటా ఉన్నవాటికి ‘రిటైన్’ పెట్టండి. నడుస్తున్న వాల్యూమ్ మీద కూడా ఈ నియమాన్ని ఇప్పుడే మార్చవచ్చు. రిటైన్ ఉంటే డిస్కు ‘రిలీజ్డ్’ స్థితిలో మిగులుతుంది, పాత క్లెయిమ్ వివరం తుడిచి మళ్లీ వాడుకోవచ్చు. పాడ్ ఇంకా వాడుతుంటే క్లెయిమ్ వెంటనే పోదు, ‘టెర్మినేటింగ్’ అని చూపిస్తూ నిలబడుతుంది. ఆ స్థితిలో చూస్తే పాడ్‌ను ఆపకండి. ముందు వాల్యూమ్‌ను రిటైన్‌కు మార్చండి.

డిస్కు పరిమాణం పెంచవచ్చా? తగ్గించవచ్చా?

స్టోరేజ్ క్లాస్ అనుమతిస్తే పెంచవచ్చు. తగ్గించలేరు. చిన్నదాంతో మొదలుపెట్టి పెంచుకుంటూ వెళ్లండి.

వాడుకరులు ఎక్కించే ఫొటోలు, పీడీఎఫ్‌లను అన్ని పాడ్‌లూ చూడాలి. ఎన్ఎఫ్ఎస్ (నెట్‌వర్క్ మీద పంచుకునే ఫోల్డర్) పెట్టమంటారా?

ఎస్3 తరహా ఆబ్జెక్ట్ స్టోరేజ్‌లో (ఫైళ్లను చిరునామాతో దాచి, తిరిగి ఇచ్చే క్లౌడ్ సేవలో) పెట్టమంటాను. డేటాబేస్‌లో దాని చిరునామా ఉంటే చాలు. పాత అప్లికేషన్‌ను మార్చడం కుదరకపోతే ఎన్ఎఫ్ఎస్ సరే. కానీ ఒకే ఫైలులో ఉండే ఎస్‌క్యూలైట్ డేటాబేస్‌ను మాత్రం ఎన్ఎఫ్ఎస్ మీద పెట్టకండి. అక్కడ ఒకేసారి ఇద్దరు రాయకుండా ఆపే ఫైలు తాళాలు నమ్మదగినవి కావు, డేటాబేస్ చెడిపోతుంది.

స్నాప్‌షాట్ తీస్తున్నాం. అది బ్యాకప్ కాదా?

సగం. స్నాప్‌షాట్ ఆ క్షణాన డిస్కు ఎలా ఉందో పట్టుకుంటుంది, ప్లగ్ లాగేసినట్టుగా. పోస్ట్‌గ్రెస్ లాంటివి మార్పులను ముందే రాసిపెట్టుకున్న తమ లాగ్ చూసుకుని తేరుకుంటాయి. డేటా, లాగ్ వేర్వేరు డిస్కుల మీద ఉండి, స్నాప్‌షాట్లను వేర్వేరు క్షణాల్లో తీస్తే తేరుకోకపోవచ్చు. పైగా ఆ స్నాప్‌షాట్ మీ డిస్కు ఉన్న క్లౌడ్ ఖాతాలోనే ఉంటే, ఖాతా తాళంచెవి ఎవరి చేతికైనా చిక్కినప్పుడు రెండూ ఒకేసారి పోతాయి.

కనుక స్నాప్‌షాట్‌తో పాటు డేటాబేస్ తానే ఇచ్చే బ్యాకప్ తీయండి. పోస్ట్‌గ్రెస్‌కు డంప్, పెద్దవాటికి బేస్ బ్యాకప్‌తో (డేటా ఫోల్డర్ మొత్తం ప్రతితో) పాటు డబ్ల్యూఏఎల్ ఫైళ్ల (పైన చెప్పిన మార్పుల లాగ్) నిల్వ. నడుస్తున్న డేటాబేస్ ఫోల్డర్‌ను టార్ చేసి (ఒకే ఫైలుగా కట్టి) దాన్నే బ్యాకప్ అనుకోకండి, ఫైళ్లు కాపీ అవుతుండగానే మారిపోతుంటాయి.

ఒక ప్రతి వేరే ఊళ్లో, వేరే ఖాతాలో ఉండాలి. 2020 అక్టోబరులో హైదరాబాద్‌లో కురిసిన కుండపోత వానలకు ఎన్ని సెల్లార్లు నీటితో నిండాయో ఇక్కడివారికి గుర్తుండే ఉంటుంది. సర్వర్, బ్యాకప్ డిస్కు రెండూ ఒకే భవనం సెల్లార్‌లో ఉంటే ఒకే వానకు రెండూ పోతాయి.

అన్నిటికన్నా ముఖ్యంగా, తిరిగి ఎక్కించి చూడండి. 2017 జనవరి 31న కోడ్‌ను దాచిపెట్టే సేవ అయిన గిట్‌ల్యాబ్‌లో ఒక ఇంజినీరు పొరపాటున అసలు డేటాబేస్ ఫోల్డర్‌ను తొలగించారు. వాళ్లకు ఒకటి కాదు, పలు బ్యాకప్ పద్ధతులున్నాయి. అవసరమైనప్పుడు వాటిలో చాలావరకు పనిచేయడం లేదని తేలింది. సుమారు ఆరు గంటల క్రితం చేతితో తీసిన ఒక స్నాప్‌షాట్ ఉండబట్టి మిగతాది దక్కింది. వాళ్లు ఇదంతా దాచకుండా ప్రపంచానికి చెప్పారు, ఆ నిజాయతీకి నాకు ఎంతో గౌరవం.

నెలకు ఒకసారి, ఒక ఖాళీ యంత్రంలో, నిన్నటి బ్యాకప్‌ను ఎక్కించి పట్టికల్లో వరుసలు లెక్కపెట్టండి. ఎంతసేపు పట్టిందో రాసిపెట్టండి. ‘ఎప్పటికి వస్తుంది?’ అని యజమాని అడిగినప్పుడు చెప్పడానికి మీ దగ్గర నిజమైన జవాబు ఉంటుంది.

మా సర్వర్ దుకాణంలోనే ఉంది. వేసవిలో కరెంటు పోతుంటుంది. డేటాకు ప్రమాదమా?

డేటాబేస్ ‘భద్రపరిచాను’ అని చెప్పే ముందు ఎఫ్‌సింక్ ద్వారా డిస్కు మీదికి నిజంగా రాయించుకుంటుంది. వేగం కోసం దాన్ని ఆపమనే సలహా ఎవరిచ్చినా వినకండి. చవక డిస్కుల్లో కరెంటు పోయిన క్షణంలో బఫర్‌ను కాపాడే కెపాసిటర్లు ఉండవు. కాబట్టి యూపీఎస్ కొనండి, బ్యాటరీ తగ్గితే సర్వర్‌ను సక్రమంగా ఆపేలా దాన్ని యూఎస్‌బీతో కలపండి. కలపని యూపీఎస్ పావుగంట ఆలస్యంగా అదే దెబ్బ కొడుతుంది.

డేటాను మెమరీలో ఉంచే డేటాబేస్ రెడిస్ వాడుతుంటే మరో మాట. మామూలు అమరికలో అది అప్పుడప్పుడు మాత్రమే డిస్కు మీదికి రాస్తుంది. కరెంటు పోతే చివరి కొన్ని నిమిషాల మార్పులు పోవచ్చు. పోకూడనివి ఉంటే ‘ఏఓఎఫ్’ (ప్రతి మార్పునూ ఫైలు చివర చేర్చే పద్ధతి) వేసుకోండి, సెకనుకోసారి రాసే అమరికలో నష్టం సుమారు ఒక సెకనుకు తగ్గుతుంది.

వాల్యూమ్‌లో వినియోగదారుల వివరాలుంటే చట్టం ఏమంటుంది?

2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం తగిన భద్రత తీసుకోవడాన్ని బాధ్యతగా చెబుతుంది. అందులో విఫలమైతే జరిమానా రూ.250 కోట్ల దాకా ఉండవచ్చు. ఆచరణలో దీని అర్థం: డిస్కులను, బ్యాకప్‌లను ఎన్‌క్రిప్ట్ చేయండి. రిటైన్‌లో మిగిలిపోయిన అనాథ డిస్కులను మూడు నెలలకోసారి వెతకండి. అసలు డేటాబేస్ డంప్‌ను పరీక్షల కోసం ల్యాప్‌టాప్‌లోకి దించుకోవడం మానండి. ఆ ల్యాప్‌టాప్ మెట్రోలో మరిచిపోతే పోయేది మీ వస్తువు ఒక్కటే కాదు, వందలమంది ఫోను నంబర్లు కూడా.

నేర్చుకుంటున్నాను. ఇంట్లో ఎలా సాధన చేయాలి?

ఎనిమిది జీబీ మెమరీ ఉన్న ల్యాప్‌టాప్ చాలు. విండోస్ అయితే ఫైళ్లను డబ్ల్యూఎస్ఎల్ (విండోస్‌లోనే లినక్స్ నడిపే సాధనం) లోపలి లినక్స్ ఫోల్డర్‌లోనే పెట్టుకోండి, బయట పెడితే బైండ్ మౌంట్ నత్తనడక నడుస్తుంది. పేరున్న వాల్యూమ్‌తో పోస్ట్‌గ్రెస్ మొదలుపెట్టి ఒక పట్టికలో పది పేర్లు రాయండి. కంటెయినర్‌ను తొలగించి కొత్తది పెట్టండి, పేర్లు ఉన్నాయో లేదో చూడండి. ఇప్పుడు డంప్ తీసి మరో ఫోల్డర్‌లో దాచి, వాల్యూమ్‌ను కావాలనే తొలగించండి. ఖాళీ పట్టిక కనిపించినప్పుడు కడుపులో కలిగే ఆ కుదుపును ఒకసారి అనుభవించండి. తర్వాత గడియారం చూసుకుని, డంప్ నుంచి ఆ పది పేర్లనూ వెనక్కి తెప్పించండి.